సోలార్ డేటా పాఠం: ర్యాంకుల పట్టిక పక్కన పెట్టి అనంతపురం, నెల్లూరుతో మొదలుపెట్టండి

టీచర్ గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. జిల్లా పరిషత్ హైస్కూల్లో 9వ తరగతి పిల్లల చేత వేర్వేరు ప్రాంతాల సౌరశక్తి డేటాను విశ్లేషణ చేయించాలనుకుంటున్నారు. కిందటేడాది రాష్ట్రాలవారీ పట్టిక ఇస్తే అందరూ బార్ గ్రాఫ్ గీసి, "రాజస్థాన్ ముందుంది" అని రాసి ఊరుకున్నారు. బడిలో పనిచేసే కంప్యూటర్ ఒక్కటే. డేటా ఎక్కడ దొరుకుతుంది, పిల్లలు నిజంగా ఆలోచించేలా చేయడం ఎలా అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. ఈ పాఠం నాకు బాగా ఇష్టమైనది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఒక మాట. పిల్లలు "రాజస్థాన్ ఫస్ట్" దగ్గర ఆగిపోవడం వాళ్ల లోపం కాదు. ఒక్కో ప్రాంతానికి ఏడాది మొత్తం మీద ఒకే అంకె ఇస్తే, దానితో ఎవరైనా చేయగలిగింది ఏది ఎక్కువ, ఏది తక్కువ అని చెప్పడమే. పైగా రాష్ట్రాలవారీగా దొరికే పట్టికలు చాలావరకు స్థాపిత సామర్థ్యం పట్టికలు. అంటే ఎక్కడ ఎన్ని మెగావాట్ల ప్యానెళ్లు బిగించారన్న లెక్క. అందులో ఎండతో పాటు భూమి, టెండర్లు, ప్రభుత్వ విధానం, ట్రాన్స్‌మిషన్ లైన్లు అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఎండ గురించి తెలుసుకోవాలంటే నేల మీద చదరపు మీటరుకు రోజుకు ఎంత శక్తి పడుతోందో చూపే డేటా కావాలి. అదీ నెలవారీగా కావాలి. ఒక ఊరి ఎండ స్వభావం సగటులో కనిపించదు, పన్నెండు నెలల గీత ఆకారంలో కనిపిస్తుంది. నా పాఠమంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

కాబట్టి దేశాలు, రాష్ట్రాలు అన్నీ పక్కన పెట్టి రెండే ఊళ్లతో మొదలుపెట్టండి: అనంతపురం, నెల్లూరు. ఈ రెండే ఎందుకంటే, అట్లాసులో చూస్తే అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, నెల్లూరు 14.4. దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. సూర్యుడు రెండు ఊళ్లకూ ఒకే ఎత్తున వస్తాడు, పగటి నిడివి కూడా ఒకటే. అంటే ఈ రెండు ఊళ్ల అంకెల్లో తేడా కనిపిస్తే అది సూర్యుడి వల్ల వచ్చింది కాదు, ఆకాశం వల్ల వచ్చింది. ప్రయోగశాలలో ఒక చరరాశిని స్థిరంగా ఉంచి ఇంకోదాన్ని మార్చినట్టు, ఇక్కడ ఆ పని భూగోళమే మనకు చేసి పెట్టింది.

డేటా చూపించే ముందే పిల్లల చేత ఊహ రాయించండి. గ్రాఫ్ పేపర్ మీద జనవరి నుంచి డిసెంబరు దాకా అడ్డంగా వేసుకుని, రెండు ఊళ్లకూ ఎండ గీత ఎలా ఉంటుందనుకుంటున్నారో పెన్సిల్‌తో గీయమనండి. దాదాపు అందరూ మేలో శిఖరం గీస్తారు. ఎండలు మండేది మేలోనే కదా అంటారు. అనంతపురం కరువు ప్రాంతం కాబట్టి అక్కడ ఏడాది పొడవునా ఎండే అనుకుంటారు. ఆ గీతలు చెరపనివ్వకండి. డేటా వచ్చాక దాని మీదే పెన్నుతో అసలు గీత గీయించాలి. తన ఊహ ఎక్కడ తప్పిందో చూసుకున్న పిల్లవాడు "ఎందుకు?" అని తనంతట తానే అడుగుతాడు. మనం అడిగించాల్సిన పని ఉండదు.

ఇక డేటా సంగతి. నాసా వాళ్ల పవర్ అనే వెబ్‌సైట్ ఉంది. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. అక్షాంశం, రేఖాంశం ఇస్తే భూమి మీద ఏ చోటికైనా ఉపగ్రహాలు, వాతావరణ నమూనాల ఆధారంగా లెక్కగట్టిన సౌర వికిరణం (నేల మీద పడే ఎండ శక్తి), ఉష్ణోగ్రత, వర్షపాతం ఇస్తుంది. సీఎస్‌వీ ఫైలుగా దిగుతుంది, ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. మీకు ఒకటే కంప్యూటర్ ఉందని బెంగ పడకండి. ఊరికి పన్నెండు అంకెలే కావాలి. మీరు ఇంట్లో దించుకుని ప్రింట్ తీసి ఇస్తే సరిపోతుంది. చేత్తో గ్రాఫ్ గీసిన తరగతే ఎక్కువ నేర్చుకుంటుందని నా నమ్మకం. ఎక్సెల్ గీసిన గ్రాఫును పిల్లలు మెచ్చుకుంటారు, తాము గీసిన గ్రాఫును చదువుతారు.

దించుకునేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి.

మొదటిది యూనిట్లు. ఆ సైట్‌లో పునరుత్పాదక ఇంధనం విభాగం ఎంచుకుంటే అంకెలు చదరపు మీటరుకు రోజుకు కిలోవాట్ అవర్లలో వస్తాయి. వ్యవసాయ వాతావరణం విభాగం ఎంచుకుంటే మెగా జౌళ్లలో వస్తాయి. ఒకే ఊరికి ఒక గ్రూపు 5.5 అని, ఇంకో గ్రూపు 20 అని పట్టుకొస్తారు. దీన్ని అడ్డుకోకండి, కావాలనే జరగనివ్వండి. రెండింటినీ బోర్డు మీద రాసి, ఏది తప్పని అడగండి. ఒక కిలోవాట్ అవర్ అంటే 3.6 మెగా జౌళ్లని వాళ్లే భాగించి తేల్చినప్పుడు, కరెంటు బిల్లులోని యూనిట్‌కూ భౌతికశాస్త్ర పుస్తకంలోని జౌల్‌కూ ఉన్న సంబంధం ఇక మరిచిపోరు.

రెండోది -999. డేటా లేని చోట ఆ సైట్ ఆ అంకె పెడుతుంది. చూసుకోకుండా సగటు తీస్తే సౌరశక్తి రుణాత్మకంగా వస్తుంది. అలాంటి జవాబు వచ్చినా పిల్లలు చెక్ చేయకుండా రాసేస్తుంటారు. అందుకే, జవాబు నమ్మదగ్గదా కాదా అని చూడటం కూడా లెక్కలో భాగమేనని ఇక్కడే చెప్పేయాలి.

మూడోది గడి పరిమాణం. ఈ సౌర డేటా సుమారు ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు గల గడులకు లెక్కగట్టినది. ఒక డిగ్రీ అక్షాంశం అంటే 111 కిలోమీటర్లు. పక్క పక్క మండలాల పిల్లలు తమ ఊళ్ల అంకెలు తీస్తే అక్షరం పొల్లు పోకుండా ఒకటే రావచ్చు. "మా రెండు ఊళ్లలో ఎండ సమానం" అని వాళ్లు రాస్తే, సైట్ నిజంగా రెండు ఊళ్లనూ విడివిడిగా చూసిందా అని అడగండి.

ఇప్పుడు గీతలు చూద్దాం. రెండు ఊళ్లలోనూ శిఖరం మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది, రోజుకు 6 యూనిట్లు (కిలోవాట్ అవర్లు) దాటి. పిల్లల ఊహ ఇక్కడే మొదటిసారి తప్పుతుంది. మేలో వేడి ఎక్కువే, కానీ ఆకాశంలో మబ్బులు, తేమ అప్పటికే పెరుగుతుంటాయి. జూన్ నుంచి రెండు గీతలూ జారతాయి. అనంతపురం జారడం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు, ఎందుకంటే అక్కడ జులైలో వాన పెద్దగా ఉండదు. ఇక్కడ కాసేపు ఆగండి. రాయలసీమ వాళ్లెవరైనా తరగతిలో ఉంటే చెప్పించండి: ఆ నెలల్లో పొద్దస్తమానం మబ్బు పట్టి ఉంటుంది, గాలి వీస్తుంది, చినుకు రాలదు. పడమటి కనుమలు నైరుతి రుతుపవనాల నీటిని అటువైపే దింపేసుకుంటాయి, మబ్బు మాత్రం ఇటు వస్తుంది. వాన లేకపోవడం వేరు, మబ్బు లేకపోవడం వేరు. కరువు సీమ అంటే ఎండ సీమ అని గుడ్డిగా రాయకూడదని పిల్లలకు ఈ గీతే నేర్పుతుంది.

నెల్లూరు గీత అక్టోబరు నుంచి మళ్లీ పడుతుంది. నవంబరు, డిసెంబరుల్లో అడుగుకు వెళుతుంది. ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు అని మన కోస్తా పిల్లలు వెంటనే చెప్పేస్తారు. కానీ అప్పుడు అనంతపురం గీత కూడా కొంత పడుతుంది కదా, అదీ మబ్బేనా? ఈ ప్రశ్నకు ఊహతో జవాబు రాదు. ఇంకో కాలమ్ డేటా కావాలి. అదే సైట్‌లో మబ్బే లేకపోతే ఎంత ఎండ పడేదో కూడా దొరుకుతుంది. నిర్మలాకాశ వికిరణం అందాం. అసలు వికిరణాన్ని దానితో భాగిస్తే మబ్బు ఎంత తినేసిందో తెలుస్తుంది. డిసెంబరులో నిర్మలాకాశ విలువే తగ్గిపోతుంది, ఎందుకంటే సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. అది రెండు ఊళ్లకూ సమానం. ఆ తగ్గుదల మీద మబ్బు వల్ల అదనంగా పోయింది నెల్లూరుకే ఎక్కువని నిష్పత్తి చెబుతుంది. జులైలో దీనికి తలకిందులు. సూర్యుడు ఎత్తుగానే ఉంటాడు, పడిపోయినదాంట్లో దాదాపు అంతా మబ్బు ఖాతాలోదే.

దీనికి ఒక చిన్న రుజువు పట్టికలోనే చూపించవచ్చు. మన అక్షాంశాల్లో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అనంతపురం, నెల్లూరులకు అది ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి. రెండుసార్లూ సూర్యుడి ఎత్తు ఒకటే, అయినా ఏప్రిల్ అంకెకూ ఆగస్టు అంకెకూ ఎంత తేడా ఉందో పట్టికలో చూడమనండి. మబ్బు ప్రభావాన్ని చూపించడానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

రెండు ఊళ్లూ బాగా అర్థమయ్యాక మూడోది లద్దాఖ్‌లోని లేహ్. ఇక్కడ ఇంకో చక్కటి పొంతన ఉంది. లేహ్, అనంతపురం ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి, రెండూ 77.6 డిగ్రీల దగ్గర. నెల్లూరుతో అక్షాంశం కలిస్తే, లేహ్‌తో రేఖాంశం కలిసింది. ఈసారి మారుతున్నది అక్షాంశం, ఎత్తు, ఉష్ణోగ్రత. మళ్లీ ఊహ రాయించండి. "మంచు ప్రాంతం, కాబట్టి సోలార్ తక్కువ" అని చాలామంది రాస్తారు. లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పీడనం మన దగ్గరి దాంట్లో మూడింట రెండొంతులే. రుతుపవన మబ్బులు హిమాలయాలు దాటి పెద్దగా రావు. అందుకే వేసవి నెలల్లో ఆ గీత మనల్ని దాటిపోతుంది. మన జులై కిందికి జారి ఉన్నప్పుడు లేహ్ జులై పైన ఉంటుంది. ఈ ఒక్క చిత్రం చాలు, "వేడి అంటే సౌరశక్తి" అన్న భ్రమ సగం పోవడానికి. ఒక జాగ్రత్త: కొండలూ లోయలూ ఉన్నచోట ఒక డిగ్రీ గడి అంకె నమ్మకం తక్కువ. లేహ్‌కు ప్రపంచ బ్యాంకు వారి గ్లోబల్ సోలార్ అట్లాస్ కూడా తెరిచి పోల్చి చూడండి. అందులో గడులు చాలా చిన్నవి.

మిగతా సగం భ్రమను పోగొట్టేది ప్యానెల్. మార్కెట్లో దొరికే 10 వాట్ల చిన్న ప్యానెల్, ఒక మల్టీమీటర్ చాలు. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (ప్యానెల్‌కు ఏమీ కలపనప్పటి వోల్టేజి) 21, 22 వోల్టులు అని, షార్ట్ సర్క్యూట్ కరెంటు (రెండు వైర్లూ నేరుగా కలిపితే పారే కరెంటు) 0.6 ఆంపియర్లకు అటూ ఇటూగా రాసి ఉంటుంది. నీడలో చల్లగా ఉన్న ప్యానెల్‌ను మధ్యాహ్నం ఎండలో పెట్టి వెంటనే వోల్టేజి చదివించండి. పావుగంట అలాగే వదిలేసి మళ్లీ చదివించండి. ఎండ మారలేదు, ప్యానెల్ చెయ్యి పెట్టలేనంత కాలింది, వోల్టేజి రెండు వోల్టుల దాకా పడిపోతుంది. ఇప్పుడు ఒక చెంబు నీళ్లు దాని మీద మెల్లగా పోయించండి. మీటర్‌లో అంకె పైకి ఎక్కుతుంటే పిల్లలు కేకలు వేస్తారు. సిలికాన్ ప్యానెళ్లు 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత పైన ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం సామర్థ్యం కోల్పోతాయి. మన మే నెలలో సెల్ 65 డిగ్రీలకు చేరితే 40 డిగ్రీలు ఎక్కువ, అంటే 16 శాతం పోయినట్టే. ఈ లెక్క వాళ్ల చేతే వేయించండి. అప్పుడు లేహ్ చలి నష్టం కాదు, లాభమని అర్థమవుతుంది.

అదే ప్యానెల్‌తో ఎండ తీవ్రత కూడా కొలవవచ్చు. షార్ట్ సర్క్యూట్ కరెంటు ఎండకు అనులోమానుపాతంలో ఉంటుంది. స్టిక్కర్ మీదున్న విలువ చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండకు ఇచ్చినది. మీటర్ 0.42 చూపిస్తే, స్టిక్కర్ 0.6 అయితే, ఎండ 700 వాట్లు. మబ్బు అడ్డం వచ్చినప్పుడు, పోయినప్పుడు చదివిస్తే ఆకాశం లెక్క అరచేతిలోకి వస్తుంది. చిన్న ప్యానెల్‌తో ప్రమాదం లేదు కానీ, ఇంటి కప్పు మీది పెద్ద ప్యానెళ్ల వైర్లు మాత్రం పిల్లలను ముట్టుకోనివ్వకండి.

నాలుగోది జర్మనీ రాజధాని బెర్లిన్. అక్షాంశం 52.5. ఇక్కడ తీసివేతలు, కర్రలు పనికొస్తాయి. డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కావాలంటే 90 నుంచి అక్షాంశం తీసేసి, ఇంకో 23.5 తీసేయాలి. అనంతపురానికి 52 డిగ్రీలు, లేహ్‌కు 32, బెర్లిన్‌కు 14. ఆ కోణాలతో నిలువుగా పాతిన మీటరు కర్ర నీడ ఎంత ఉంటుందో కోణమానినితో కాగితం మీద గీయించండి. అనంతపురంలో 80 సెంటీమీటర్ల లోపు, లేహ్‌లో మీటరున్నర పైన, బెర్లిన్‌లో నాలుగు మీటర్లు. ఒకే వెలుగు నాలుగు మీటర్ల నేల మీద పరుచుకుంటే ఏమవుతుందో ఇక చెప్పక్కర్లేదు. బెర్లిన్‌లో డిసెంబరు అంకె జూన్ అంకెలో పదోవంతు. కానీ జూన్‌లో పగలు 16 గంటలు దాటుతుంది కాబట్టి, ఆ నెల బెర్లిన్ అంకె హైదరాబాద్ జులై అంకెను మించిపోతుంది. పిల్లలు దీన్ని నమ్మరు, మళ్లీ మళ్లీ పట్టిక చూస్తారు. చూడనివ్వండి.

ఇప్పుడు మీ రాష్ట్రాల పట్టికకు తిరిగి రావచ్చు. ఇంత తక్కువ ఎండ ఉన్న జర్మనీలో అన్ని ప్యానెళ్లు ఎందుకున్నాయి? మన దేశ స్థాపిత సౌర సామర్థ్యం 2025 జనవరిలో 100 గిగావాట్లు దాటింది. జర్మనీదీ ఇంచుమించు అప్పుడే ఆ అంకె దగ్గరికి వచ్చింది. వాళ్లు 2000లో చట్టం చేసి, తయారైన ప్రతి యూనిట్‌కూ 20 ఏళ్లపాటు నిర్ణీత ధర ఇస్తామన్నారు. ఆ హామీ చూసి జనం ప్యానెళ్లు పెట్టుకున్నారు. అయితే అక్కడ ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాదికి ఇచ్చేది సుమారు 1,000 యూనిట్లు, మన దగ్గర 1,500 దాకా. ప్యానెళ్ల సంఖ్య ఒక ప్రశ్న, ఒక్కో ప్యానెల్ ఇచ్చే కరెంటు వేరే ప్రశ్న. కర్నూలు దగ్గర పాణ్యం ప్రాంతంలో 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల పార్కుకు దాదాపు 6 వేల ఎకరాలు పట్టింది. అంత నేల ఒక్కచోట దొరకడం కూడా ఎండంత ముఖ్యమే. ఈ దశకు వచ్చాక "రాజస్థాన్ ఎందుకు ముందుంది?" అని అడిగితే వచ్చే జవాబులు కిందటేడాదివిలా ఉండవు.

వీలైతే ఊళ్లో ఎవరింటి మీదైనా ఉన్న సోలార్ ప్లాంటు లెక్కలు కూడా తెప్పించండి. ఇంటి కప్పు సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక చిన్న ఊళ్లలోనూ దొరుకుతున్నాయి, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తాలూకు యాప్‌లో రోజువారీ యూనిట్లు ఉంటాయి. ఇంటి యజమాని అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి వాడండి. ఇక్కడ నేర్పాల్సింది కిలోవాట్‌తో భాగించడం. మార్చిలో ఒకరి 3 కిలోవాట్ల ప్లాంటు 372 యూనిట్లు, ఇంకొకరి 5 కిలోవాట్లది 480 యూనిట్లు ఇచ్చాయనుకుందాం. ఎవరిది బాగా పనిచేస్తోంది? కిలోవాట్‌కు రోజుకు మొదటిది 4 యూనిట్లు, రెండోది 3.1. తేడా ఎందుకో కనిపెట్టడానికి పిల్లలు ఆ ఇంటికి వెళ్లి చూడాలి. వాటర్ ట్యాంక్ నీడ కావచ్చు, ప్యానెళ్ల మీద దుమ్ము కావచ్చు. ఇంకోటి కూడా కావచ్చు, మన ఊళ్లలో తరచూ ఉండేది: పగటి పూట కరెంటు కోత. గ్రిడ్‌లో కరెంటు పోతే, లైన్ మీద పనిచేసేవారికి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. మండుటెండలో సున్నా యూనిట్లు కనిపించిన రోజును పట్టుకుని కారణం చెప్పిన పిల్లకు నేనైతే క్లాసు ముందు చప్పట్లు కొట్టిస్తాను.

ఒక్క ఏడాది డేటాతో తీర్మానాలు చేయించకండి, పదేళ్ల నెలవారీ సగటులు తీసుకోండి. గంటలవారీ డేటా జోలికి పోతే మాత్రం సమయం స్థానిక సౌర కాలమా (ఆ చోటి సూర్యుణ్ణి బట్టి లెక్కించేది), మన గడియారమా అని చూసుకోండి. మన ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది. అది కాకినాడకు దగ్గరగా పోతుంది కాబట్టి అక్కడ తేడా తెలియదు. రాజస్థాన్‌లోని జైసల్మేర్‌లో మాత్రం సూర్యుడు ఆ రోజుకు అత్యంత ఎత్తుకు చేరడం ముప్పావుగంట ఆలస్యం.

మార్కులు ఎలా వేయాలంటే, గ్రాఫ్ అందానికి, ర్యాంకులకు నేను మార్కులు పెట్టను. ప్రతి గీతకూ మూడు వాక్యాలు అడుగుతాను: ఏం కనిపించింది, ఎందుకని అనుకుంటున్నావు, ఆ అనుకోలు సరైందో కాదో తేల్చడానికి ఇంకా ఏ డేటా కావాలి. మూడో వాక్యం రాయగలిగిన పిల్లలకు విశ్లేషణ వచ్చినట్టే. మొదట్లో అందరూ తడబడతారు. టెన్షన్ పడొద్దని చెప్పి, రెండు మూడు నమూనాలు బోర్డు మీద మీరే రాసి చూపించండి.

చివరి పరీక్షకు ఒక ప్రశ్న ఇస్తున్నాను, వాడుకోండి. నెల్లూరులో ఒక రైతుకూ అనంతపురంలో ఒక రైతుకూ ఒకే సైజు సోలార్ పంపు ఇచ్చారు. మబ్బుల వల్ల పంపు నీరు తగ్గినప్పుడు ఎవరికి ఎక్కువ ఇబ్బంది? ఎండ గీత ఒక్కటే చూసినవారు, నవంబరులో అంత కిందికి పడిపోయింది కదా, నెల్లూరు రైతుకే అంటారు. వర్షపాతం పట్టిక పక్కన పెట్టుకున్నవారు ఇంకో అడుగు వేస్తారు: నెల్లూరులో నవంబరు మబ్బు వాన తెస్తుంది, పంపు నీరు తగ్గినా పొలానికి నీరు అందుతుంది. అనంతపురంలో జులై మబ్బు పంపును తగ్గిస్తుంది, వాన మాత్రం ఇవ్వదు. నెలవారీ వర్షపాతం కూడా అదే నాసా పేజీలో దొరుకుతుంది, ముందే ప్రింట్ తీసి పెట్టుకోండి. అడిగినవారికి మాత్రమే ఇవ్వండి.